బయటి క్లాక్

ఈ రభసంతటికీ కారణం ఇంజనీరింగు చదివి మామగారి దగ్గరే పనిచేస్తున్న సర్టిఫికెట్టల్లుడే. ఐదో తరగతితో బడి మానేసి, పంపుల షెడ్డు పెట్టి నలుగురికి జీతాలిస్తున్న మామగారికి క్లాక్ అంటే గోడ మీద ఉండేదే. అందులో ఆయన తప్పేముంది?

ఆ పొద్దున పని చాలా చిన్నది. కొనుగోలుదారు వస్తాడు, పంపు ఎంత అదురుతుందో కంప్యూటర్లో చూస్తాడు, నచ్చితే నలభై పంపులకు ఆర్డరిస్తాడు. పంపుకు అంటించిన సెన్సర్ కబురు ఒక డబ్బాలోకి వెళ్తుంది. 'ఇప్పుడు రాసుకో, ఇప్పుడు రాసుకో' అని క్లాక్ సిగ్నల్ తడుతూ ఉంటేనే ఆ డబ్బా రాసుకుంటుంది. ఆ తట్టు డబ్బాలోంచే రావచ్చు, అది లోపలి క్లాక్; తిరిగే షాఫ్టు దగ్గర్నుంచి వైరుతోనూ తేవచ్చు, అది బయటి క్లాక్. ఆ వైరును ఎలుక కొరికింది. కొత్తది కొనడానికి వెళ్లిన అల్లుడు బజారు నుంచి ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, నేనొచ్చేలోపు లోపలి క్లాక్ తీసేసి బయటిది పెట్టండి."

"ఎందుకయ్యా? లోపలిది బాగానే నడుస్తోందిగా!"

"పంపుతో కలిసి నడవాలంటే బయటిదే నయమండీ."

మామగారు ఆఫీసుగది గడియారం దించి బీరువాలో పడేశారు. గేటు దగ్గర వాచ్‌మన్ నెత్తిమీద వేలాడేదాన్ని పీకి తెచ్చి డబ్బా మీద నిలబెట్టారు.

"టైము చూసి గంట కొట్టాలి కదయ్యగారూ!" అని వెంటపడ్డాడు వాచ్‌మన్.

"ఆకలి చూసి కొట్టు, పో!"

వాచ్‌మన్ ఆ పొద్దున ఏమీ తినకుండా వచ్చాడు. కొనుగోలుదారు కారు దిగుతుండగానే భోజనాల గంట కొట్టేశాడు. పనివాళ్లు పైకి ఆశ్చర్యపోయి, లోపల సంతోషించి, అలవాటు ప్రకారం యంత్రాల మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లిపోయారు. పంపు ఆగింది. ల్యాప్‌టాప్ తెర మీద గీత చాప పరిచినట్టు పడుకుంది.

"ఒక్క అదురు లేదే!" అన్నాడు కొనుగోలుదారు.

ఆ ముఖంలో మెచ్చుకోలు చూశాక మామగారికి నిజం చెప్పబుద్ధి కాలేదు. "మా పనితనం అలాంటిదండీ."

"శబ్దం కూడా లేదు."

"మర్యాదస్తురాలు సార్."

కొనుగోలుదారు పంపు మీద చెయ్యి వేశాడు. "చల్లగా ఉందేమిటండీ?"

"మా పంపుకు కోపం రాదండీ."

అంతలో అల్లుడు వైరుతో ఊడిపడ్డాడు. "పంపు ఆపేశారేంటి మావయ్యగారూ?"

మామగారు కన్ను గీటారు. అల్లుడు ఆయన కంట్లో నలుసు పడిందనుకుని ఊదబోయాడు. తర్వాత స్విచ్ వేశాడు, వైరు తగిలించాడు, క్లాక్ సెట్టింగు మార్చాడు. గీత ఎగిరెగిరి పడింది.

"కాస్త తగ్గించవయ్యా!"

"తగ్గించేది కాదండీ. బేరింగు పోయింది. ఇలాంటివి అమ్మకూడదు."

కొనుగోలుదారు గడ్డం నిమురుకున్నాడు. "పంపులొద్దు గానీ, మీ అల్లుణ్ణి మా దగ్గరికి పంపండి. ఒకటో తారీఖు నుంచి."

"చచ్చినా రాడు!" అన్నారు మామగారు.

"మీ అమ్మాయి ఎప్పట్నుంచో వేరే ఉద్యోగం చూసుకోమంటోంది మావయ్యగారూ," అన్నాడు అల్లుడు.

ఆ పూట మామగారికి పోయినవి నలభై పంపుల ఆర్డరు, ఒక అల్లుడు. రెంటిలో దేనికీ ఆయనకు రసీదు దక్కలేదు.