ఎడమవైపు కొత్తది

పదింటికి కారు కొనేవాళ్ళు వస్తున్నారు. ఇంట్లో ఒక్క కారు పట్టే చోటే ఉంది. పన్నెండులోపు పాత నల్లకారు అమ్ముడుపోతేనే రేపు కొత్తది వచ్చేది, లేకపోతే ఆ ఊసే ఎత్తొద్దని ఇల్లాలు తేల్చి చెప్పేసింది. ఆ మాత్రం ఒప్పించడానికే ఆవిడ భర్త అయిన గుమాస్తాకు మూడేళ్ళు పట్టింది. పాపం, కొత్త కారు కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది.

పొద్దున్నే లేచి కారు కడిగాడు. ఎండ పడగానే దాని అసలు రంగు బయటపడింది. బానెట్ నిండా, తలుపుల నిండా సాలెగూళ్ళలా సన్నటి గుండ్రటి గీతలు! ఎనిమిదేళ్ళుగా పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన ఫలితం. పరుగున వెళ్ళి పక్కింటాయన్ని బతిమాలి పాలిష్ మెషిన్ తెచ్చాడు. పేస్టు రాసి, మెషిన్ తిప్పి, చెమటలు కక్కుతూ ఎడమవైపంతా పూర్తిచేశాడు. అందులో ఆయన మొహమే కాదు, ముక్కు మీది మొటిమ కూడా స్పష్టంగా కనిపించింది.

కుడివైపు మొదలుపెట్టబోతుండగా పళ్ళ డాక్టరు, ఆయన భార్య తమ పాత ఎర్రకారులో దిగారు.

"గంట ముందే వచ్చేశాం, ఏమనుకోకండి," అన్నాడు డాక్టరు.

"అబ్బే, అనుకోవడానికేముంది! ఇలా ఎడమవైపుకి రండి, గాలి బాగా వస్తుంది," అన్నాడు గుమాస్తా.

డాక్టరు అటే వెళ్ళాడు. డాక్టరమ్మ మాత్రం అప్పటికే కుడివైపు చేరింది.

"ఏమండీ, ఇది మరీ ముసలిదండీ!"

"నీకేమైనా మతిపోయిందా? పెళ్ళికూతురిలా ఉంటేనూ!"

"ఇటొచ్చి చూడండి. పెళ్ళికూతురి అమ్మమ్మలా ఉంది!"

గుమాస్తా ఆవిణ్ణి మర్యాద చేసి ఎడమవైపుకి తీసుకొచ్చేసరికి డాక్టరు కుడివైపుకి వెళ్ళిపోయాడు. ఆయన్ని వెనక్కి పిలుచుకొస్తే ఆవిడ మళ్ళీ అటు నడిచింది. కారు చుట్టూ ముగ్గురూ నాలుగు ప్రదక్షిణలు చేశారు. చివరికి డాక్టరు జేబులోంచి చిన్న టార్చి తీసి, నోట్లోకి చూసినట్టు వంగి రెండు వైపులా పరీక్షించాడు.

"కుడివైపు సొంత పళ్ళు. ఎడమవైపు కట్టుడు పళ్ళు. నిజం చెప్పండి, ఎక్కడ గుద్దారు?"

"అయ్యయ్యో! గుద్దడమేమిటండీ! ఒట్టు, పాలిష్ పట్టానంతే!"

"గుద్దినవాళ్ళందరూ అలాగే అంటారు. పద, పోదాం," అన్నాడు డాక్టరు భార్యతో.

గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ ఇల్లాలు, "పదవుతోంది," అంది.

గుమాస్తా చటుక్కున ముందుకు దూకాడు. డాక్టరు దారికి అడ్డం పడి, "మీ కళ్ళముందే చేసి చూపిస్తాను, ఒక్క తలుపు!" అని మెషిన్ ఆన్ చేశాడు. చూస్తుండగానే కుడి తలుపు మీది గీతలు మాయమయ్యాయి. గుయ్యిమంటున్న ఆ చప్పుడు వినగానే డాక్టరుకు చేతులు దురద పుట్టాయి.

"ఏదీ, ఇలా ఇవ్వండి," అని మెషిన్ లాక్కుని రెండో తలుపు మీదికి వంగాడు. "నొప్పిగా ఉంటే చెయ్యెత్తు," అని అలవాటు కొద్దీ కారుతో అన్నాడు కూడా.

గంటకల్లా కుడివైపు కూడా తళతళలాడింది. గుమాస్తాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పటికైనా నమ్మారా? మరి బేరం అయినట్టేనా?"

"నమ్మాను సార్, పూర్తిగా నమ్మాను!" అన్నాడు డాక్టరు.

డాక్టరమ్మ మాత్రం తమ ఎర్రకారు వంక చూస్తోంది.

"ఏమండీ, మనదాని మీదా ఇవే గీతలు కదా. ఇదేదో దానికీ చేసేస్తే పోలా? ఇంకోటి కొనడం దేనికి?"

ఆవిడ మాట పూర్తికాకుండానే డాక్టరు మెషిన్ ఎర్రకారు మీదికి దింపాడు. గుమాస్తా ఆయన అడిగినప్పుడల్లా పేస్టు అందిస్తూ నిలబడ్డాడు. పన్నెండు దాటాక మొగుడూ పెళ్ళాలు మెరిసిపోతున్న తమ కారెక్కి, చెయ్యూపి వెళ్ళిపోయారు.

ఇల్లాలు మెట్లు దిగి నల్లకారు చుట్టూ తీరిగ్గా తిరిగింది.

"ఎంత బాగుందండీ! ఇలాంటిదాన్ని ఎవరైనా అమ్ముకుంటారా?" అంటూ షోరూముకు ఫోన్ చేసి కొత్త కారు వద్దని చెప్పేసింది.

మర్నాటికి ఆ ఇంట్లో పాతదిగా కనిపించే కారు లేదు, కొత్త కారూ రాలేదు.