ఇంటిల్లిపాదీ బాగుచేసిన నెట్

ఒక ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ రాకపోతే ఐదు ఫోన్లున్న కుటుంబం ఎంత సమర్థంగా స్పందించగలదో లోకానికి చాటిన ఘట్టం మొన్న ఒక మూడో అంతస్తు ఇంట్లో జరిగింది. ల్యాప్‌టాప్ ఆ ఇంటి కోడలిది. పెళ్ళయ్యాక మానేసిన ఉద్యోగాన్ని మళ్ళీ వెతుక్కుంటుంటే ఆవిడకు వచ్చిన మొదటి పిలుపు అది. పది గంటలకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ.

తొమ్మిదిన్నరకు చూస్తే వైఫై కలిసింది కానీ వెబ్‌సైట్ ఒక్కటీ తెరుచుకోలేదు. భర్తగారు ల్యాప్‌టాప్‌ను ఆవిడ ఒళ్ళోంచి తీసుకున్నారు. ఆయన పొట్టకూటికి బీమా కంపెనీలో పనిచేస్తారు గానీ, మనసంతా విండోస్‌కు బదులు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల లినక్స్ మీదే. భార్య స్వేచ్ఛగా ఉండాలన్న తపనతో, ఆవిడను అడక్కుండానే అందులో లినక్స్ ఎక్కించిన మహానుభావులు.

నల్లటి తెర తెరిచి నాలుగు ఆదేశాలు కొట్టగానే ఆయన ముఖం వెలిగిపోయింది. వెబ్‌సైట్ పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారని, జబ్బు అక్కడేనని ప్రకటించి, దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా వివరించారు. జబ్బు పేరు తెలిసినందుకు మామగారు తృప్తిగా నిట్టూర్చారు.

"ఒకసారి ఇటివ్వండి, నేను చూస్తాను," అంది కోడలు.

"నువ్వు టెన్షన్ పడకు. మేమంతా ఉన్నాం కదా, వెళ్ళి ఇంటర్వ్యూకి ప్రిపేరవ్వు," అన్నారు భర్తగారు.

డీఎన్ఎస్ ఫైలులో కొత్త నంబరు రాయబోతే ల్యాప్‌టాప్ ససేమిరా అంది. ఇంటర్వ్యూ రోజు నెట్ పరుగులు తియ్యాలని ముందురోజు సాయంత్రం ఏదో వీడియో చూసి ఆ ఫైలులో ఒక తప్పు నంబరు రాసిందీ, దాన్నెవరూ మార్చకుండా ఫైలుకు తాళం వేసిందీ భర్తగారే. ఆ సంగతి ఆయన మరిచిపోవడం వల్ల దర్యాప్తు నిష్పక్షపాతంగా సాగింది.

ఆయన తన ఫోన్‌లో లినక్స్ ఫోరమ్ తెరిచి మొరపెట్టుకున్నారు. అక్కడి పెద్దలు ఆ రకం లినక్స్ వాడటమే తప్పని తేల్చి, ఏది వాడాలో తమలో తాము కొట్టుకోసాగారు. మరిది తన ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపాడు. తాళం పడ్డ తప్పు నంబరు ఏ నెట్ మీదా పక్షపాతం చూపలేదు. తర్వాత అతను వదిన ఫోన్ తీసుకుని అందులో సలహాల వీడియో పెట్టాడు. మామగారు ఫోన్ టార్చి పట్టుకుని రూటర్ వెనక దూరారు. అత్తగారు తెరను ఫొటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టారు.

పదికి ఇంకాస్త టైముందనగా కోడలు తన ఫోన్ ఇచ్చెయ్యమంది, అందులోంచే ఇంటర్వ్యూకి వెళ్తానంది.

మరిది నొచ్చుకున్నాడు. "వీడియో సగంలో ఉంది వదినా. ఇదంతా నీకోసమే కదా."

ఐదు ఫోన్లలోనూ నెట్ నిక్షేపంగా ఉంది. ఐదూ ఆవిడకు నెట్ తెప్పించే పనిలో ఉన్నందున, ఆవిడకివ్వడానికి ఒక్కటీ ఖాళీ లేదు. సరిగ్గా పదికి బంధువుల సలహా మేరకు మామగారు రూటర్ ఆపేయగా వైఫై అందరికీ పోయి, ఇంట్లో సమానత్వం నెలకొంది. కోడలికి ఏడుపొచ్చింది. అది నీరసమని గ్రహించి అత్తగారు మంచినీళ్ళు తెచ్చారు.

చివరికి రూటర్ మళ్ళీ వేసి, తాళంతో సహా లినక్స్ మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించారు. భోజనాల వేళకు నెట్ వచ్చింది. ఇంటర్వ్యూ ఎప్పుడో దాటిపోయింది. ఫోరమ్‌లో "పరిష్కారమైంది" అని రాసి, ఎలాగో రాయకుండా, భర్తగారు అభినందనలు అందుకున్నారు. ఈ విజయం తన ఒక్కడిది కాదని, కుటుంబ సభ్యులందరిదని అన్నం ముందు వినమ్రంగా ప్రసంగించారు.

అప్పుడు అత్తగారికి సందేహం వచ్చింది. "ఇంతకీ ఏం ఉద్యోగమే అది?"

"ఆఫీసుల్లో నెట్ రాకపోతే బాగుచేసే ఉద్యోగం అత్తయ్యా. పెళ్ళికి ముందు చేసిందీ అదే."

భర్తగారు జాలిగా చూశారు. "ముందే చెప్పుంటే నాలుగు ముక్కలు నేర్పేవాణ్ణి కదా."

ఆయన పెద్దమనసుకు అందరూ తలలూపారు. మీరు మాత్రం నవ్వకండి. ఆ తాళం ఎప్పుడు ఊడుతుందా అని ఇందాకటి నుంచీ చూస్తున్నారే గానీ, ఆవిడ ఏ ఉద్యోగానికి వెళ్తోందని మీరూ అడగలేదు.