ఆలస్యమైన తండ్రుల విభాగం

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే, అక్కడ ఒక చిన్నపిల్ల సంచి సర్దడానికి ఎంతసేపు పడుతుందో, ఆ సంచితో పాటు పిల్లను గడప దాటించడానికి ఎంతకాలం పడుతుందో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ లెక్కన మా నాగరికత ఆకాశాన్నంటుతోంది. మా మనవరాలి సంచి నేను ఒక్క పూటలో సర్దేశాను. (తర్వాత విప్పి మళ్ళీ సర్దాను. మళ్ళీ విప్పాను. అది నా సొంత జబ్బు, ప్రభుత్వానికి సంబంధం లేదు.) నాలుగు గౌన్లు, రెండు తువ్వాళ్ళు, జలుబు మందు, ఒక గొడుగు, ఆ గొడుగు పోతే ఉంటుందని ఇంకో గొడుగు పెట్టాను. ఇక పాపకు అనుమతి ఒక్కటే మిగిలింది.

మా అమ్మాయి రెండేళ్ళ కిందట వెళ్ళి, సరిహద్దుకు అవతల ఒక పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోంది. ఏడాదికోసారి పది రోజులు సెలవిస్తారు. పోయినేడు అదీ ఇవ్వలేదు. ఆ సెలవులో ఇవతలికి వచ్చినా పని పోతుంది కనుక పాపే వెళ్ళాలి. శనివారం బస్సు. అది తప్పితే మళ్ళీ ఏడాదికే. పాపకు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా తల్లి ముఖం దానికి ఫోను సైజులోనే తెలుసు.

తల్లిదండ్రులిద్దరూ వెంట లేకుండా పిల్లలు సరిహద్దు దాటాలంటే ఇద్దరి అనుమతీ కావాలి. ఇది మంచి చట్టం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళున్న లోకంలో ఇలాంటి చట్టం లేకపోతే నాలాంటివాళ్ళకు కంటిమీద కునుకుండదు. (ఉన్నా ఉండదు.) తల్లి అనుమతి వచ్చేసింది. తాను తల్లేనని, తన బిడ్డను తాను చూడాలనుకోవడంలో ఎలాంటి దురుద్దేశమూ లేదని మా అమ్మాయి నాలుగు చోట్ల సంతకం పెట్టింది. ఇక తండ్రి అనుమతి.

ముందు ఫోన్లో యాప్ ప్రయత్నించాను. "తండ్రి పక్కనే ఉన్నారా?" అని అడిగింది. జవాబుగా రెండే ఉన్నాయి: "ఉన్నారు", "ఇప్పుడే లేచి వెళ్ళారు". మనస్సాక్షిగా రెండోది నొక్కాను. అయితే ఆయన ఫోనుకు ఒక సంఖ్య పంపామని, అది కనుక్కుని చెప్పమని అంది. మా అల్లుడి నంబరు ఇప్పుడు ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరుంది. ఆవిడ మంచిది. సంఖ్య చెప్పింది, పాపకు పాలపళ్ళు ఊడాయా అని కూడా అడిగింది. తండ్రి తరఫున పాప గురించి వచ్చిన మొట్టమొదటి వాకబు అది. కానీ యాప్ తర్వాత తండ్రి ముఖం చూపించమంది. డాక్టరమ్మ ముఖానికి ఒప్పుకోలేదు.

సోమవారం పాపను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ అవతల ఒక కుర్ర గుమస్తా ఉన్నాడు.

"తండ్రి ఏడమ్మా?"

"లేడు బాబూ."

"చనిపోయారా?"

"అలాంటి కబురేం రాలేదు."

"విడాకులా?"

"దానికైనా ఆయన రావాలి కదా."

"మరేంటండీ?"

"వెళ్ళాడు. రాలేదు."

గుమస్తా కాసేపు చెవి గోక్కున్నాడు. "వెళ్ళేటప్పుడు ఏమన్నాడో గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? ఇప్పుడే వస్తా అన్నాడు."

కుర్రాడి ముఖం చాటంత అయింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా! ఇది అదృశ్యం కాదు, ఆలస్యం. రెండో అంతస్తుకి వెళ్ళండి."

చెప్పకుండా పోయినవాడు అదృశ్యమైన తండ్రి. వాడికి పత్రికలో ప్రకటన, పోలీసు విచారణ, చివరికి ఒక మినహాయింపు, అన్నీ ఉన్నాయి. వస్తానని చెప్పి పోయినవాడు మాత్రం ఆలస్యమైన తండ్రి. ఒక పౌరుడు వస్తానని మాటిచ్చాక, రాడని అనుమానించే హక్కు ప్రభుత్వానికి లేదు. కుటుంబానికి అసలే లేదు.

రెండో అంతస్తులో ఆలస్యమైన తండ్రుల విభాగం ఉపాధికారి బల్లకింద చెప్పులు విప్పి, కాలి మీద కాలేసుకుని కూర్చున్నాడు. మర్యాదస్తుడు.

"కూర్చోండి పెద్దమ్మా. ఎన్నాళ్ళైంది?"

"అయిదేళ్ళు."

"పర్లేదు, మధ్యరకం. పదిహేనేళ్ళ ఆలస్యాలు కూడా చూశాను నేను." ఆయన నా వైపు ఒక కాగితం జరిపాడు. "ఇక్కడే వరండాలో శుక్రవారం దాకా ఎదురుచూడాలి. అప్పటికీ రాకపోతే, రాలేదని రాసి పైకి పంపుతాం. వాళ్ళు చూసి, ఓ రెండు నెలల్లో అనుమతిస్తారు."

"బస్సు శనివారమే బాబూ! ఇంట్లో అయిదేళ్ళు చూశాం కదా, అది చాలదా?"

"ఇంట్లో చూసింది లెక్కలోకి రాదు పెద్దమ్మా. సాక్షులుండరు."

ఎదురుచూడటంలో నాకు కాస్తో కూస్తో పేరుందనుకున్నాను. అదంతా గుర్తింపు లేని చోట చదివిన చదువని ఆ రోజే తెలిసింది. రాత్రి అమ్మాయికి ఫోన్లో సంగతంతా చెప్పాను.

"ఆలస్యమా?" అని అది నవ్వింది. "పెళ్ళికే ఆలస్యంగా వచ్చాడమ్మా. అప్పుడే పట్టుకోవాల్సింది ఈ విభాగం వాళ్ళు." నవ్వుతూనే ఫోను పక్కకు తిప్పేసింది. కాసేపు గోడ మాత్రమే కనిపించింది.

వరండాలో ఒక బెంచీ, దాని పక్కన ఒక చెక్క కుర్చీ వేశారు. కుర్చీకి "ఆలస్యమైన తండ్రికి మాత్రమే" అని అట్ట కట్టారు. జనం గోడలకు ఆనుకుని కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు గాని, ఎవరూ దాని జోలికి పోలేదు. పాప తన చేతి రుమాలుతో ఆ కుర్చీ తుడిచింది.

"నాన్న ఎలా ఉంటాడు అమ్మమ్మా?"

"పొడుగ్గా ఉంటాడు. ఎడం చెవి వెనక పుట్టుమచ్చ."

అంతే, అప్పట్నుంచి అది వరండాలో ఉన్న మగవాళ్ళందరి వెనక్కీ వెళ్ళి చెవులు చూడటం మొదలుపెట్టింది. ఒకాయన జేబు తడుముకున్నాడు. (అలాంటి వరండాల్లో అది సహజం.)

గంటకోసారి బంట్రోతు మెట్ల దగ్గర నిలబడి తండ్రిని పిలవాలి. ఇదివరకు పేరు పెట్టి పిలిచేవారట. పౌరుల గోప్యత కాపాడటానికి పేర్లు బయట అరవకూడదని ఈ మధ్యనే కొత్త ఉత్తర్వు వచ్చింది. కనుక బంట్రోతు గొంతు సవరించుకుని, భవనం అదిరేట్టు అరిచేవాడు:

"పాప తండ్రీ! పాప తండ్రి ఎవరండీ!"

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం, బుధవారం రాలేదు. గురువారానికి పాప చెవులు చూడటం మానేసింది. ఇంటికెళ్ళాక నేను సంచి మళ్ళీ విప్పి సర్దాను.

శుక్రవారం ఆఖరి పిలుపు. బంట్రోతు అరవగానే, నీళ్ళ కుండ దగ్గర చతికిలబడి కునుకు తీస్తున్న ఒక మనిషి ఉలిక్కిపడి లేచాడు. మోచేతుల దాకా సున్నం మరకలు, గోడలకు రంగులేసేవాడు.

"ఆఁ! నేనే, నేనే!"

బంట్రోతు చేతిలో పలకలాంటి యంత్రం టక్కుమంది. తండ్రి హాజరు.

పాప బెంచీ మీద నుంచి దూకింది. ఎవరూ ఆపేలోపల ఆ మనిషి వెనక్కి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి ఎడం చెవి వెనక చూసింది. తర్వాత ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వేనా?"

ఆయన నిద్రమత్తు వదిలించుకుని కిందికి వంగాడు. "కాదు తల్లీ. నేను వేరే పాప నాన్నని."

ఆయన కేసు మూడో అంతస్తులోనట. ఆలస్యమైన తల్లుల విభాగం. నీళ్ళు తాగడానికి కిందికి దిగాడు.

నేను పరుగులాంటి నడకతో ఉపాధికారి దగ్గరికి వెళ్ళాను. "బాబూ, పొరపాటైంది. ఆ మనిషి మా అల్లుడు కాదు. కొట్టేయండి."

"కొట్టేయడానికి వీల్లేదు పెద్దమ్మా. హాజరు పడితే పడినట్టే."

"ఆయన కాదు కదా!"

"కాదని ఎవరు చెప్పాలి? తండ్రి వచ్చి చెప్పాలి."

రంగులాయన తలుపు దగ్గర్నుంచి అందుకున్నాడు. "అయ్యా, నేనే చెప్తున్నాను కదండీ, నేను కాదని!"

"మీరెవరు? ఈ ఫైలుతో మీకేం సంబంధం?" అని ఉపాధికారి కసిరి, నా వైపు తిరిగి గొంతు మెత్తన చేసుకున్నాడు. "తండ్రి హాజరయ్యాడు. అభ్యంతరం చెప్పలేదు. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే, అది నిబంధన. ఇంకేం కావాలి మీకు?"

ముద్ర పడింది. నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మెట్ల మీద రంగులాయన నా వెనకే దిగాడు. "పెద్దమ్మా, సోమవారం మా మూడో అంతస్తువాళ్ళు 'పాప తల్లీ' అని పిలుస్తారు. ఎవరన్నా లేస్తే బాగుండు."

"మీ ఆవిడకు ఎంత వయసు నాయనా?"

"ముప్పై."

"అయితే కొంగు కప్పుకుని వస్తాలే," అన్నాను. (వెళ్ళాను. లేచాను. ఎవరూ ఏమీ అడగలేదు.)

శనివారం బస్సు దిగాక సరిహద్దు గేటు దగ్గర ఒక కాపలా ఉద్యోగి కాగితం తిరగేశాడు. గేటు అవతల కమ్మీలు పట్టుకుని మా అమ్మాయి నిలబడి ఉంది. ఫోన్లో కన్నా చిక్కిపోయి ఉంది.

"మీ నాన్న అనుమతిచ్చాడా పాపా?"

"ఆఫీసుకి వచ్చాడండి," అంది అది బుద్ధిగా. "కానీ వేరే పాప నాన్న."

"ఎవరైతేనేం, వచ్చాడు కదా," అని ఆయన ఇంకో ముద్ర వేశాడు.

నాకు ఉండబట్టలేదు. "బాబూ, అయిదేళ్ళుగా దీన్ని పెంచుతున్నదాన్ని నేను. నా అనుమతి అక్కర్లేదా?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి నిజాయితీగా వెతికాడు. "అమ్మమ్మలకు గడి లేదమ్మా."

పాప సంచి భుజాన వేసుకుంది. రెండు గొడుగులూ బయటికి పొడుచుకొచ్చాయి. గేటు సగం తెరుచుకోగానే వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"అమ్మమ్మా, ఇప్పుడే వస్తా!"

"ఆ మాట అనకే!" నా అరుపుకు కాపలా ఆయన కూడా బిక్కచచ్చిపోయాడు. "పదో రోజు వస్తానను. సాయంత్రం బస్సుకని చెప్పు."

"సరే, పదో రోజు సాయంత్రం బస్సుకి," అని అది నాలుగడుగులు నడిచి, ఆ తర్వాత పరుగెత్తింది.

ఆ సోమవారం ఒక్క పూట తప్ప, నేను ఆ పదిరోజులూ మా ఇంటి అరుగు మీదే ఎదురుచూశాను. సాక్షులు లేరు.

పాప పదో రోజు సాయంత్రం బస్సుకే వచ్చింది. ఒక గొడుగు పోగొట్టుకుంది, రెండోది ఉంది. అదే వారం ఫోనుకు ఒక కబురొచ్చింది: "మీ కుటుంబంలో తండ్రి హాజరు నమోదైంది. ఇకపై ఆయనను ఆలస్యమైనవారిగా పరిగణించము. శుభాకాంక్షలు." రెండుసార్లు చదివి, పాప చూడకముందే తీసేశాను.

మా అల్లుడు గ్యాస్ పొయ్యికి కొత్త గొట్టం తెస్తానని వెళ్ళాడు. పాపకు మూడేళ్ళు నిండిన మర్నాడు, పొద్దున. తిరిగి రాలేదు.