ఎండావాన ఆటకు నలుగురు కావాలి

వేసవి సెలవుల్లో ఒక శనివారం పొద్దున ఏసుపాదం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కోదాడలో ఏడున్నర బస్సెక్కాలి, అనంతగిరి దాటాక ఒక ఊళ్లో దిగాలి, నలుగురిని కూర్చోబెట్టి ఒక ఆట ఆడించాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పొద్దుటి చారే వేడి చేసుకుని తినాలి. నలుగురంటే నలుగురే. ఆ నలుగురు దొరకడమే ఆయనకు నాలుగేళ్లుగా కుదరడం లేదు.

ఏసుపాదం హైస్కూల్లో సోషల్ మాస్టారు. భార్య మంజుల ఉన్నన్నాళ్లూ ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక ఇద్దరూ పచ్చీసు ఆడేవారు. ఆమె పోయాక గవ్వలు డబ్బాలోకి వెళ్లాయి. ఇంట్లో మాటలు కూడా వాటితోపాటే వెళ్లాయి. వాతావరణ మార్పు పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు కునికిపాట్లు పడటం చూసి, దీన్ని ఆటగా చేస్తే పోలా అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆట అన్నాక ఎదుట మనిషి ఉండక తప్పదు కదా అన్నదే అసలు ఆశ. వైకుంఠపాళిలా వంద గళ్లు గీశాడు. బోరు ఎండితే పాము, కల్లంలో వడ్లు తడిస్తే పాము, కోసిన చేలో వరి కొయ్యకాళ్లు తగలబెడితే పెద్ద పాము. వాననీళ్లు నిలవడానికి పంట కుంట తవ్విస్తే నిచ్చెన, చెట్లు పెంచితే నిచ్చెన. ఆట ఎలా ఉందో చూద్దామని ఒక ఆదివారం నాలుగు రంగుల బిళ్లలూ తానే కదిపాడు. ఎర్రది తనదనుకున్నాడు. ఎర్రది నాలుగో స్థానంలో వచ్చింది.

నలుగురిని పోగుచేస్తానని మాటిచ్చింది వ్యవసాయ విస్తరణాధికారి వినయ్, ఒకప్పటి శిష్యుడు. ఏసుపాదం బస్సు దిగీ దిగగానే అతని ఫోన్ వచ్చింది.

"సార్, ఏమనుకోకుండ్రి. సూర్యాపేటల అర్జెంటు మీటింగంట. పంచాయతీ ఆఫీసు వరండాల టేబులున్నది, గాడ కూసోండ్రి. ఎవరన్న వస్తరు."

ఏసుపాదం ఆట పటాన్ని వరండాలో పరిచాడు. అది ఎవరో వాడి పారేసిన ఫ్లెక్సీ వెనక వైపు గీసిన పటం. ముందు వైపు ఒక నాయకుడు తన పుట్టినరోజు సందర్భంగా రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. మొహం నేలకు ఉంది కాబట్టి ఆయనతో ఇబ్బందేమీ ఉండదనుకున్నాడు. తర్వాత టేబులు ముందు కూర్చుని, నోటుబుక్కులో పేరు, ఊరు, పంట అని మూడు గళ్లు గీశాడు.

మనిషి ఊరికే కూర్చుంటే దారిన పోయేవాళ్లెవరూ పట్టించుకోరు. అదే మనిషి ముందు టేబులూ, గళ్ల నోటుబుక్కూ ఉంటే దాటిపోయేవాడుండడు. పాల క్యాను పట్టుకుని పోతున్న కోటయ్య టక్కున ఆగాడు.

"ఏం రాస్తున్నరు సార్?"

"ఆట ఆడిస్తున్నం. ఎండలు, వానలు ఎందుకిట్ల గతి తప్పుతున్నయో ఇందులో తెలుస్తది. మీ పేరు చెప్పండి."

"కోటయ్య. రెండెకరాలు వరి. ఆధార్ జిరాక్సులు ఎన్ని గావాలె?"

"అవేం అక్కర్లేదండీ. ఇది ఆటే."

ఆధార్ అక్కర్లేదన్న మాట కోటయ్య తన జన్మలో ఏ టేబులు దగ్గరా వినలేదు. అంటే ఇదేదో పెద్ద వ్యవహారమేనని తేల్చుకున్నాడు. "జర ఆగుండ్రి సార్, నన్ను ఒకటో నంబరు రాసుకోండ్రి" అని క్యాను అక్కడే పెట్టి జిరాక్సు షాపుకు పరుగెత్తాడు.

అరగంటలో ముప్పై మంది వచ్చారు. దాదాపు అందరి చేతుల్లోనూ ఆధార్, పట్టా పాసుబుక్కు, రెండేసి ఫొటోలు. ఎండ ముదిరాక చాలామంది నీడకు తప్పుకుని, లైన్లో తమ బదులు చెప్పులు నిలబెట్టారు. ఇది ఆటేనని ఏసుపాదం రెండుసార్లు చెప్పాడు. "అట్లనే సార్, ముందు పేరు రాస్కోండ్రి" అన్నారు. మూడోసారి చెప్పడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఎవరో ఆయనకు చాయ్ తెచ్చారు. ఇంకెవరో "తిన్నరా సార్?" అని అడిగారు. ఆ మాట ఆయన్ని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో లెక్క లేదు. ఇంకొంచెం సేపు ఇలాగే ఉండనిద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాడు. తప్పని తెలుసు. అయినా అనుకున్నాడు.

పది గంటలకు గాలి లేచి ఫ్లెక్సీని తిరగేసింది. జోడించిన చేతులతో నాయకుడు నవ్వుతూ బయటపడ్డాడు. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. జిరాక్సు షాపువాడు 'ఎండావాన పథకం దరఖాస్తు' అని ఒక ఫారం తయారుచేశాడు. అందులో కులం, బోరు లోతు, నామినీ పేరు రాయడానికి ఖాళీలు కూడా ఉన్నాయి. పాలకీడు నుంచి రెండు ఆటోలు వచ్చాయి. పాచిక వేస్తేనే దరఖాస్తు తీసుకుంటారని లైన్లో ఎవరో అన్నారు. ఏసుపాదం పటాన్ని మళ్లీ తిరగేసి పరిచేసరికి అందరూ పాచిక వేయడానికి తయారయ్యారు.

ముందు కోటయ్య వేశాడు. ఆరేసి, మళ్లీ ఆరేసి, చివరికి ఇరవై నాలుగో గడిలో 'బోరు ఎండింది' అన్న పాము నోట్లో పడి మూడుకు జారాడు. మొహం మాడిపోయింది.

"నా బోరు ఎండిందని మీకెవరు జెప్పిన్రు సార్? ఎండింది నిజమే. గని గిట్ల అందరి ముంగట రాస్తరా? ఇంకో బోరేసిన, అది రాస్కోండ్రి."

"అది మీ బోరు కాదు కోటయ్యా, ఆటలో బోరు."

"ఆటల బోరైతే నన్నెందుకు కిందికి దించిన్రు?"

తర్వాత తండా నుంచి వచ్చిన మోతీబాయి వంతు. అరవై దాటిన మనిషి. ఆమె పాచిక చేతిలో పట్టిందంటే అడిగిందల్లా పడింది. అరవై ఒకటో గడిలో 'పంట కుంట తవ్వించారు' అన్న నిచ్చెనెక్కి ఎనభై ఎనిమిదికి చేరింది. సంతోషపడాల్సింది పోయి హడలిపోయింది.

"నాకు కుంట యాడిది సారూ? అబద్ధం రాయకు. రేపు ఎంక్వైరీకొస్తే ఏం సూపెట్టాలె?"

"ఆమెకు లేని కుంట రాసినప్పుడు నాకు లేని నీళ్లు రాయొచ్చు గద!" అన్నాడు కోటయ్య. లైన్లో సగం మంది ఔనన్నారు. సగం మంది కొయ్యకాళ్లు తగలబెట్టింది ఎవరన్న సంగతి మీద పడ్డారు. పేర్లు బయటికొచ్చాయి. చెప్పులు లైన్లోంచి కాళ్లకెక్కాయి.

అప్పుడే వినయ్ బండి దిగాడు.

"సార్, మీటింగు ఆపి మరీ నన్ను నిలబెట్టి అడిగిన్రు. మీ మండలంల కొత్త స్కీం షురూ అయితే మాకెందుకు జెప్పలేదని! ఆర్డరు కాపీ ఏది సార్?"

"ఆర్డర్ లేదు వినయ్" అన్నాడు ఏసుపాదం మెల్లగా. "నువ్వు నలుగురిని తెస్తనన్న ఆట ఇదే."

వినయ్ తల పట్టుకున్నాడు. తర్వాత వరండా ఎక్కి, స్కీమూ లేదు, ఏమీ లేదని అందరికీ చెప్పాడు.

"గా ముచ్చట పొద్దుగాలనే గట్టిగ జెప్తే ఏమైతుండె సార్?" అన్నాడు కోటయ్య.

"చెప్తే మీరంతా వెళ్లిపోతారని."

కోటయ్య తన జిరాక్సులు ఏరుకుని, క్యాను మూత తీసి చూసుకున్నాడు. పాలు విరిగిపోయాయి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నివేదిక రాయాలని వినయ్ కూడా వెళ్లాడు. ఏసుపాదం మోకాళ్ల మీద కూర్చుని ఫ్లెక్సీ చుట్టడం మొదలుపెట్టాడు. మనుషులు వెళ్లిపోతుంటే చూడటం ఆయనకు కొత్త కాదు. అయినా కళ్లు మండాయి.

"సుట్టకు సారూ. నేను ఎనభై ఎనిమిదిల ఉన్న" అంది మోతీబాయి, స్తంభం పక్క నుంచి.

"నువ్వు పోలేదా అమ్మా? స్కీం లేదని వినలేదా?"

"ఇన్న. ఉంటే మాత్రం నాకేమొస్తది? నాకు గుంటెడు భూమి గూడ లేదు."

"మరి ఇంతసేపు ఎండలో లైన్లో ఎందుకు నిలబడ్డవ్?"

"లైన్ల నిలబడితే ముందొకరు, ఎనకొకరు ఉంటరు గద. రెండు మాటలు మాట్లాడతరు. ఇంట్ల ఎవరున్నరు మాట్లాడటానికి? యాడ లైనుంటే గాడికి పోత."

ఏసుపాదం ఫ్లెక్సీ మళ్లీ పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, ఎర్ర బిళ్లను ఒకటో గడిలో ఉంచాడు.

మధ్యాహ్నం బస్సు వచ్చి వెళ్లిపోయింది. మోతీబాయి తొంభై ఏడులో పడి, కల్లంలో వడ్లు తడిసి పన్నెండుకు జారి, వానను నోరారా తిట్టి, మళ్లీ ఎక్కి నూరు చేరింది. "వచ్చే శనివారం ఆధార్ తేవాల్నా సారూ?" అని అడిగి తండా దారి పట్టింది.

సాయంత్రం బస్సులో ఏసుపాదం నోటుబుక్కు తీసి ఫలితం రాసుకున్నాడు. ఎర్రది రెండో స్థానంలో వచ్చింది, అంటే కిందటిసారి కంటే రెండు స్థానాలు మెరుగు.