సమ్మక్కకు తరుగు

ఆ ఆదివారానికి కరుణాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి పడుకునే దాకా పదహారు వందల క్యాలరీలు దాటకూడదు, అంతే. మర్నాడు కరీంనగర్‌లో డాక్టరు ముందు బరువు తూగాలి. మూడు నెలల కిందట తొంభై ఏడు కిలోలున్న అతన్ని ఆ డాక్టరు ఎగాదిగా చూసి, "సుగర్ గీత మీదున్నవు. మూడు నెలల్ల తొంభై కిందికి రా, రక్తపరీక్షల గుడ తగ్గాలె. లేకుంటే గోలీలు మొదలువెడుత. మొదలువెట్టినంక ఆపుడుండది" అని తేల్చి చెప్పాడు.

కరుణాకర్‌కు గోలీలంటే హడల్. వాళ్ల బాపు ఇరవై ఏళ్లు గోలీల డబ్బా జేబులో పెట్టుకునే పెళ్లిళ్లకు పోయాడు. పక్క విస్తట్లో లడ్డూ పడుతుంటే తల తిప్పుకుని కూర్చునేవాడు. తనకు ఆ బతుకు వద్దని కొడుకు గట్టిగా అనుకున్నాడు. తొంభై రోజులుగా తిన్న ప్రతి ముద్దనూ ఫోన్లో రాస్తున్నాడు. లెక్క పదహారు వందల లోపుంటే ఫోన్లో పచ్చరంగు వస్తుంది, దాటితే ఎరుపు. ఎరుపు మూడుసార్లే వచ్చింది: కార్తీక వనభోజనాల్లో, బామ్మర్ది గృహప్రవేశంలో, కొత్త సంవత్సరం కేకు దగ్గర. మూడుసార్లూ భార్య మధులిక ముందు నిలబడి, తల వంచుకుని తప్పు ఒప్పుకున్నాడు. ఈ సుగర్ సంగతి తల్లి కనకవ్వకు మాత్రం చెప్పలేదు. చెబితే కొడుకు కన్నా ముందు ఆమె అన్నం మానేస్తుంది. పొట్ట తగ్గించుకుంటున్నానని చెప్పి ఊరుకున్నాడు.

అతను జమ్మికుంట మార్కెట్ యార్డులో దడువాయి. రైతులు తెచ్చిన పత్తిని కాంటా వేసి, తేమకు ఇంత, సంచికి ఇంత అని తరుగు తీసి అసలు తూకం చెప్పడం అతని పని. ఇరవై ఏళ్లుగా ఇదే పని కావడంతో తన ఒంటిని కూడా పత్తి బస్తాలాగే చూసుకోవడం అలవాటైంది. ఆ పొద్దున స్నానం చేసి, తడి తువ్వాలుతో బరువు మిషన్ ఎక్కాడు. ఎనభై తొమ్మిది కిలోల ఎనిమిది వందలు చూపించింది. తువ్వాలుకు మూడు వందలు, తడి జుట్టుకు వంద తరుగు తీసి, ఎనభై తొమ్మిది నాలుగు వందలని ఖాయం చేసుకున్నాడు.

అదే రోజు సాయంత్రం అతనికి ఇంకో తూకం కూడా ఉంది. మూడు రోజుల్లో మేడారం జాతర. కొడుకు ఎత్తు బంగారం ఇస్తానని కనకవ్వ సమ్మక్కకు మొక్కుకుంది. జాతరలో బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత బెల్లం కాంటా వేయించి, దేవత గద్దె దగ్గరికి తీసుకుపోయి ఆ తల్లికి అప్పజెప్పాలి. ఆమె ఎందుకు మొక్కిందని ఎవరూ అడగలేదు. పోయినేడు కరుణాకర్ స్కూటర్ మీది నుంచి పడ్డాడు కదా, అందుకేలే అనుకున్నారు.

తగ్గిన ఉత్సాహంలో అతను బట్టలు కూడా కట్టుకోకుండా బెల్లం దుకాణం రాయమల్లుకు ఫోన్ చేశాడు.

"రాయమల్లన్నా, సాయంత్రం మా కాంటాకు తొంభై ఏడు కిలోలు తీసిపెట్టుమన్న గదా? గంత అక్కరలేదు. ఎనిమిది కిలోలు తగ్గియ్యి. ఎనభై తొమ్మిది సరిపోతది."

దేవుడి అర్రలో దీపం ముట్టిస్తున్న కనకవ్వ చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. ఆమె బయటికొచ్చి కొడుకును కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"ఇగ తెలిసింది నాకు. మూడు నెలలసంది సగం రొట్టె తిని లేస్తుంటే పొట్టకనే అనుకున్న. తల్లి బంగారం తగ్గియ్యనీకి ఎండుతున్నవా కొడుకా?"

"అయ్యో అవ్వా, గది కాదు..."

"మరేంది? యార్డుల రైతుకు తీసినట్టు సమ్మక్కకు గుడ తరుగు తీస్తవా?"

కరుణాకర్ నోరు తెరిచాడు. నిజం చెప్పాలంటే సుగర్ అనాలి. అనలేక నోరు మూసుకున్నాడు. మూసుకున్న ఆ నోరే కనకవ్వకు పెద్ద సాక్ష్యమైంది.

"నేను మొక్కిననాడు నువ్వు తొంభై ఏడున్నవు. తల్లి గంతకే ఒప్పుకున్నది. సాయంత్రం దాక నువ్వు తినాలె. గంత తూగేదాక నేను మంచినీళ్లు గుడ ముట్ట" అని గోడకు ఆనుకుని కూర్చుంది.

జాతర కోసం ఆదిలాబాద్ నుంచి వచ్చిన చెల్లెలు గంగుబాయిని పిలిచి సంగతి చెప్పింది. గంగుబాయి కాపురానికి పోయి ముప్పై ఏళ్లయింది. ఆమె తెలుగులో సగం మరాఠీ కలిసిపోయింది, చేతిలో మొత్తం పూరన్‌పోళీ కలిసిపోయింది. "అరే బాళా, దేవునితోటి గిట్ల జేస్తరా?" అని బుగ్గలు నొక్కుకుని నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది.

మధులిక అప్పుడు ఇంట్లో లేదు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు కొనడానికి బజారుకు పోయింది. అడ్డుకునే మనిషి లేదు. తల్లి పస్తుంటానంటోంది. ఇంతకీ దాచడమెందుకు, తొంభై రోజుల ఆకలి కూడా తల్లి పక్షమే ఉంది. చిన్నమ్మ బియ్యప్పిండితో గిన్నెలో కాల్చిన సర్వపిండ్లు మూడు తిన్నాడు కరుణాకర్.

కానీ నిజాయితీ పోగొట్టుకోలేదు. వెంటనే ఫోన్ తీసి రాయబోయాడు. ఆ ఫోన్ లెక్కను ఏ దేశంలో తయారుచేశారో గానీ, అందులో సర్వపిండి లేదు. గుండ్రంగా ఉండి పైన ఏవేవో కనిపించే వస్తువు పిజ్జా ఒక్కటే. మూడు పిజ్జాలని రాశాడు. తర్వాత వచ్చిన, బొబ్బట్ల లాంటి నాలుగు పూరన్‌పోళీలను కేకుల కింద వేశాడు. ఆరు గారెలకు మధ్యలో చిల్లుంది కనుక డోనట్లని రాశాడు. ఫోన్ ఎర్రబడింది. దాన్ని బల్ల మీద బోర్లించి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

సరిగ్గా అప్పుడే వచ్చిన మధులిక అలవాటు కొద్దీ ఫోన్ తిప్పి చూసింది. మూడు పిజ్జాలు, నాలుగు కేకులు, ఆరు డోనట్లు. ఆమెకు కళ్లు తిరిగాయి.

"అత్తమ్మా! నేను బజారుకు పోంగనే మీ కొడుకు బేకరీల పడ్డడు. పిజ్జాలు, కేకులు తిన్నడు!"

కనకవ్వ ముఖం విప్పారింది. "నిజమా బిడ్డా? గవన్ని తిన్నడా? నా కొడుకు మంచోడు. ఊకెనే పరేషాన్ అయిన."

మధులికకు అత్తగారి మతి మీద అనుమానం వచ్చింది, మొగుడి తప్పు మీద మాత్రం ఏ అనుమానమూ లేదు. అత్తకు వినపడకుండా అతన్ని పక్కకు లాగి, "రేపు డాక్టర్ తానికి పోవాలె. బంగ్లా మీదికి పో! నలభై చుట్లు తిరిగినంకనే దిగు" అని తరిమింది. అవి బేకరీవి కావని అతను చెప్పబోయాడు. మరెక్కడివంటే తల్లి పేరు చెప్పాలి, తల్లికీ పెళ్లానికీ ఇప్పుడు పడితే జాతర ఇంట్లోనే జరుగుతుంది. చెప్పకుండా మెట్లెక్కాడు.

పది చుట్లకోసారి నీళ్ల కోసం కిందికి దిగేవాడు. మెట్ల మలుపులో గంగుబాయి పళ్లెం పట్టుకుని నిలబడేది. "నెయ్యి జర ఎక్కువనే ఏసిన, తిను బాళా" అని నోట్లో పెట్టేది. పైన పెళ్లాం కరిగించింది, కింద చిన్నమ్మ నింపింది. నాలుగు గంటలకు ఫోన్లో నాలుగు వేల రెండు వందలు పడింది. కరుణాకర్‌కు ఏడుపొక్కటే తక్కువ. రేపు డాక్టరు గోలీలు రాస్తాడు, తొంభై రోజుల కష్టం గంగలో కలిసింది అనుకుంటూ తల్లి, పెళ్లాం, చిన్నమ్మలతో దుకాణానికి బయలుదేరాడు.

జనవరి చలి అని సాకు చెప్పి కనకవ్వ అతనికి బాపు పాత బరువైన ఉన్ని కోటు తొడిగించింది. రాయమల్లు పెద్ద కాంటాకు పసుపు రాసి, బొట్లు పెట్టి సిద్ధంగా ఉంచాడు. ఒక పళ్లెంలో కరుణాకర్ కూర్చున్నాడు, రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పడసాగాయి. తొంభై అయింది, తొంభై రెండు, తొంభై నాలుగు. కాంటా ఇంకా లేవలేదు.

కరుణాకర్‌లోని దడువాయి నిద్ర లేచాడు. తను ఎంత తిన్నా ఇంత తూగడు. పత్తి బస్తాలో రాయి పెట్టిన వాళ్లను ఇరవై ఏళ్లలో ఎంతమందిని పట్టుకున్నాడో అతనికే తెలియదు. కోటు జేబుల్లో చేతులు పెట్టాడు. కుడి జేబులో ఒక గుండ్రాయి, ఎడమ జేబులో ఇంకోటి దొరికాయి.

"గివెక్కడివి?"

గంగుబాయి ఆకాశం వైపు చూసింది. కరుణాకర్ కోటు విప్పి కిందికి దిగాడు.

"అవ్వా, నా కాంటాల ఇసొంటిది నడువది. రైతుతోటే దొంగ తూకం ఎయ్యలే, సమ్మక్కతోని ఏస్తనా? ఉన్నదే తూగుత."

"తక్కువ తూగితే మొక్కు తప్పినట్టు కొడుకా!" కనకవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "మొక్కు తప్పితే నీకు సుగర్ రాకుండ ఆగుతదా?"

ముందుగా మధులికే తేరుకుంది.

"సుగర్ సంగతి మీకెట్ల తెలుసు అత్తమ్మా?"

"నువ్వు ఫోన్ల మీ అక్కకు చెప్తుంటే ఇన్న. మీరు దాచిండ్రు, నేను దాచిన. మీ మామ గోలీలు మింగుడు చూడలేక సచ్చిన. నా కొడుకుకు ఆ గోలీలు రాకుంట జూడు తల్లీ, ఎత్తు బంగారమిస్త అని గా దినమే మొక్కిన. గా తూకం తప్పొద్దనే పొద్దటిసంది చెల్లెతోని సర్వపిండ్లు, పోళీలు, గారెలు చేయించి పెట్టిన."

"గోలీలు రావద్దనే గదా ఆయన తింటలేడు! డాక్టరే తగ్గుమన్నడు. మరి మీరు గీ పోళీలు, గారెలు..."

"బొబ్బట్టుతోటి సుగర్ రాదు బిడ్డా. మొక్కు తప్పితే వస్తది."

మధులికకు పిజ్జాలేమిటో, డోనట్లేమిటో అప్పుడు అర్థమైంది. కొడుకుకు సుగర్ రావద్దని మొక్కి, ఆ మొక్కు కోసమే బొబ్బట్లతో మేపిన అత్తగారిని చూసి నవ్వాపుకోలేకపోయింది. కరుణాకర్‌కు మాత్రం నవ్వు రాలేదు. మూడు నెలలుగా తల్లి ఒక్కతే ఈ భయం మోసిందని అతనికి అప్పుడే తెలిసింది. వెళ్లి మళ్లీ కాంటాలో కూర్చున్నాడు. తొంభై రెండు తూగాడు. దిగి, తన చేతులతోనే ఇంకో అయిదు కిలోలు బెల్లం పళ్లెంలో పెట్టాడు.

"తొంభై ఏడు అవ్వా. తల్లికి తరుగు లేదు."

కనకవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పొద్దున్నుంచి మొదటిసారి మంచినీళ్లు అడిగింది.

సోమవారం డాక్టరు ముందుకు ముగ్గురూ పోయారు. మిషన్ తొంభై ఒకటి చూపించింది. కరుణాకర్ ఉరిశిక్ష వినబోయేవాడిలా నిలబడి మొక్కు సంగతితో సహా నిన్నటి నాలుగు వేల రెండు వందలూ ఒప్పేసుకున్నాడు. డాక్టరు ఆ మాట వింటూనే శుక్రవారం ఇచ్చిన రక్తపరీక్ష కాగితం తిరగేస్తున్నాడు.

"తొంభై దినాలల్ల ఎన్నిసార్లు దాటినవు?"

"నిన్నటితోని నాలుగు సార్!"

"నాలుగేనా? నేనైతే వారానికే నాలుగు దాటుత. మూడు నెలల సగటు మంచిగ దిగింది, గీత కిందికొచ్చినవు. ఒక్కదినం తిన్నదానికి తొంభై దినాల కష్టం యాడికి పోదు. గీ పెరిగింది నిన్నటి తిండి, నీళ్లు. వారంల అదే దిగుతది. గోలీలు అక్కరలేదు. ఇంకో అయిదు కిలోలు తగ్గు, సాలు."

కరుణాకర్ కుర్చీలో కూలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. మధులిక అతని భుజం మీద చెయ్యేసింది. కనకవ్వ రెండు చేతులూ పైకెత్తి మొక్కింది.

"తల్లీ, గా అయిదు కిలోలు గుడ తగ్గనియ్యి, వచ్చే జాతరకు మళ్ల ఎత్తు బంగారమిస్త!"

చీటీ రాస్తున్న డాక్టరు కలం ఆగింది.

"అవ్వా, గీ జాతర ఎన్నొద్దులకోసారి?"

"రెండేండ్లకోసారి సారూ."

డాక్టరు తినకూడని వాటి జాబితా కింద 'జాతర నాడు మినహాయింపు' అని రాసి సంతకం పెట్టాడు.