గెలాక్సీలకూ పరువుంటుంది

నీళ్ల కొరత చేటు అంటారు. శుద్ధ అబద్ధం! కొరత బయటపడటమే చేటు. బయటపడనంతకాలం కొరతంత మర్యాదైన వస్తువు మరొకటి లేదు.

ఈ జ్ఞానం నాకు ఒక గ్లాసు దగ్గర కలిగింది. సగం తాగిన నీళ్లను మావారు త్రినాథరావుగారు పెరట్లో పారబోశారు.

"ఎంగిలివేగా!" అన్నారు.

"ఎంగిలైతేనేం, గిన్నె తొలుచుకునేదాన్ని!" అన్నాను. అంతే, పూటంతా కీచులాటే.

నవ్వకండి. పటాన్‌చెరు పక్కన మా ఫ్యాక్టరీ కాలనీలో ఈ పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిది వేసవికి కాపురాలన్నీ గ్లాసుల మీదే నిలబడ్డాయి. గొట్టం మొదట్లో ఉన్నాం కాబట్టి మా ముందు లైనుకు దారమంత ధార వస్తుంది. వెనక లైనుకు అదీ లేదు. అక్కడుండే సర్వర్ బేగం నెలలు నిండుతున్న మనిషి. పక్కనున్న లక్డారం ఊరి బావి నుంచి బిందెలు మోస్తుంది. ట్యాంకరు పంపాలా వద్దా తేల్చడానికి ఇంజనీరుగారు మొన్న జీపులో వచ్చారు.

ఇక చూడండి మా సంస్కారం! అత్తగారు లక్ష్మీనరసమ్మగారు వాకిలి కడిగించారు. కాళ్లకు నీళ్లు, ఆ పైన మజ్జిగ, ఆ పైన కాఫీ. కాఫీకి నీళ్లు చాలకపోతే ఎవరిని అడిగాం? సర్వర్ బేగాన్నే! బిందె ఎత్తి ఇచ్చేసింది.

"మరి నీకో?" అన్నాను.

"ఉండనియ్ అక్కా, నేను మల్ల పొయ్యి తెచ్చుకుంట. మెహమాన్ ఇంటికొస్తే నీళ్లు లేవని ఎట్ల జెప్తరు? ఇజ్జత్ పోదా?"

ఇంజనీరుగారు మూతి తుడుచుకున్నారు. "ఇక్కడ నీళ్లకేం లోటండీ! ఊరికే గోల" అని జీపెక్కారు. ట్యాంకరు రాలేదు.

ఆయన్ని తప్పు పట్టకండి. ఆకాశాన్ని కొలిచేవాళ్లకే ఈ పొరపాటు తప్పలేదు! నేను కాలేజీలో ఫిజిక్స్ చదివిన పాపానికి మావారు లైబ్రరీ నుంచి సైన్సు పత్రికలు తెచ్చి పడేస్తుంటారు. వాటిలో చదివాను. సృష్టి మొదటినాటి వేడి చల్లారి, సన్నటి మైక్రోవేవ్ వెలుగుగా ఆకాశమంతా పరుచుకుని ఉందట. గెలాక్సీల గుంపు అడ్డొచ్చిన చోట, గుంపులోని వేడి వాయువు వల్ల ఆ వెలుగు రేడియో టెలిస్కోపుకు ఒక పిసరు తగ్గి కనిపించాలట. ఆ తగ్గుదల కొలిస్తే గుంపు గుట్టు తెలుస్తుంది. కానీ గుంపులోనే ఒకటి రెండు గెలాక్సీలు రేడియో తరంగాలు గుమ్మరిస్తుంటాయి. తగ్గిన చోటును పూడ్చేస్తాయి. కొలిచేవాడికి ఏం తోస్తుంది? ఇక్కడేం లోటు లేదనే!

ఎంత పరువుగల గెలాక్సీలు! కోట్ల కాంతి సంవత్సరాల అవతల కూడా మా అత్తగారిలాంటి వారున్నారని తెలిసి ఒళ్లు పులకరించింది.

పత్రికవాళ్లు మాత్రం ఒక పాడు సలహా ఇచ్చారు. గోల చేసే గెలాక్సీలను విడిగా కొలిచి లెక్కలోంచి తీసేయాలట. పెద్దవాళ్లను లెక్కలోంచి తీసేయడమా? హవ్వ!

అయినా నిన్న భోజనాల దగ్గర చెప్పేశాను.

"ఆదివారం ఇంజనీరుగారిని భోజనానికి పిలిచాను."

అత్తగారు సంతోషించారు. "మంచి పని చేశావే. గుత్తివంకాయ చేద్దాం. పొద్దున్నే వాకిలి కడిగించు."

"అక్కర్లేదు అత్తయ్యగారూ. ఆయన్ని వెనక లైనులోంచి తీసుకొస్తాను. కాళ్లూ చేతులూ సర్వర్ బేగం కొళాయి దగ్గరే కడుక్కుంటారు."

మావారి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "అక్కడ చుక్క రాదుగా!"

"వచ్చాకే వడ్డిస్తాను" అన్నాను.