అత్తా... ఇత్తా...

నా పేరు నిత్యానందం. నా భార్య పేరు కృప. ఈ రెండూ మార్కాపురంలో మా ఇంట్లో దొరకవని ముందే చెప్పేస్తున్నాను.

కంటి ఆపరేషన్‌కని మా అత్త మణెమ్మ వెలిగండ్ల నుంచి పది రోజులకు వచ్చింది. కన్ను బాగైంది. నలభై రోజులూ అయ్యాయి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలరు ముందు ఆమె మంచం. పలకల ఫ్యాక్టరీ నుంచి ఒళ్లంతా రాతిదుమ్ముతో మధ్యాహ్నం వచ్చే నాకు రేకుల వరండా. మే నెలలో మా ఊరి రేకుల కింద పడుకుంటే మనిషికీ అప్పడానికీ తేడా ఉండదు. నాకు ఏడుపొచ్చేది. నిజంగానే.

“మీ అమ్మ ఎప్పుడు పోతాది?” అన్నాను.

“నువ్వే అడుగు. మొగోడివి గదా,” అంది కృప.

నా మగతనం తిరిగొచ్చి వరండాలో పడుకుంది.

ఆ దిగులుతోనే సెల్‌ఫోన్ల దుకాణం హరిబాబు దగ్గర కూర్చున్నాను. అతడి స్పీకర్లో ఎవరో ఊపిరి తీసుకోకుండా వాగుతున్నాడు. పాటో తగాదానో తెలియలేదు.

“ఏంది హరీ ఇది?”

“జపాను హిప్ హాప్ అన్నా. ఇదంటే నాకు పానం. మా నాయనైతే రెండు దినాలు విని, దుకాణానికి రావడమే మానేసినాడు.”

నాకు దారి దొరికింది. ఉన్న పాటలన్నీ ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

మర్నాటి నుంచి కిటికీలో స్పీకరు పెట్టాను. ఒకడు గొణుగుతాడు. ఒక పిల్ల మా పలకలు కోసే మిషను కన్నా వేగంగా కోసేస్తుంది. మరొకడు మాత్రం “అత్తా... ఇత్తా...” అంటూ ఆగి ఆగి పాడతాడు. ముక్క అర్థం కాదు గానీ, ఆ గొంతులో ఏడుపు అచ్చం నాదే. పాపం, వాడికీ కూలరు లేదేమో అనుకున్నాను. అత్తను తరమడానికి పెట్టిన పాటకు నేనే అలవాటు పడిపోయాను.

నాలుగో రోజు అత్త మంచం మీద లేచి కూర్చుని కళ్లు తుడుచుకుంది.

“కృపా, విన్నావా? అల్లుడు నా మీద పాట కట్టిచ్చినాడు! ‘అత్తా, ఇత్తా’ అని పొద్దస్తమానం అదే మాట. ఏమిత్తావు నాయనా?”

మా అత్త ‘ఇస్తా’ను ‘ఇత్తా’ అంటుంది.

“అది జపాను మాట అత్తా!”

కృప నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “మా అమ్మకు జపాను మాటలు ఎందుకు వినిపిస్తాండావు? ఏంది నీ మతలబు?”

నిజం చెబితే ఆ పూట కూడు లేదు.

“ఊరికే అన్నాలే. అత్త కోసమే కట్టించినా. ఏం కావాలంటే అది ఇస్తా,” అన్నాను.

“ఆ కూలరు చాలు నాయనా. రేపే మా ఊరికి పోతా.”

పోతానన్నందుకు నవ్వూ, కూలరన్నందుకు ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

తెల్లారి కూలరును ఆటోలోకి నేనే ఎత్తాను. తాడు కూడా నేనే కట్టాను. అత్త నా తల మీద చెయ్యి పెట్టి, “ప్రభువా, నా అల్లుడిని చల్లగా చూడు,” అని ప్రార్థన చేసింది.

లోపలికొచ్చి చూస్తే కూలరు నాలుగు కాళ్ల తడి గుర్తులు మిగిలాయి. ఇన్నాళ్లకు ఆ మంచం నాదైంది. చెమటలు కక్కుకుంటూ పడుకుని, అలవాటు కొద్దీ పాట పెట్టాను.

“వాడేమంటాండాడో తెలుసా?” కృప విసనకర్ర చేతికిచ్చింది. “‘అత్తా... ఇత్తా...’ అంటే జపానులో ‘ఉండె... పోయె...’ అంట. మొన్ననే ఫోన్లో వెతికినా.”

“మొన్ననే తెలుసా! మరి మీ అమ్మకు చెప్పలేదేంది?”

“చెప్పకేం? మొన్ననే చెప్పినా. ‘ఏం పోయిందంట?’ అని అడిగింది. ‘కూలరమ్మా, ఇంగా పోలా’ అని చెప్పినా.”